ఏనుగుల టాకీసులో మా అక్క వరుస

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయే రకం. నలభై ఏళ్ళు సూరత్‌లో సాంచాల మధ్య బతికాను. మరమగ్గాన్ని మా సిరిసిల్ల వైపు సాంచా అంటాం. సాంచా ఆగిందంటే పోగు తెగి ఉండాలి, బెల్టు జారి ఉండాలి, లేదా పనివాడు కునుకు తీసి ఉండాలి. వెతికితే కారణం దొరికి తీరుతుంది. కారణం లేకుండా ఆగిన సాంచాను నేను చూడలేదు. లోకం కూడా అంతేననుకున్నాను. ఇప్పటికీ చాలావరకు అలాగే అనుకుంటున్నాను.

సూరత్ వచ్చిన రోజు నుంచీ డైరీ రాసే అలవాటు నాది. ఎండ, వాన, షెడ్డులో జరిగింది, దాని కారణం, ఎవరొచ్చారు, ఏం మాట్లాడారు, అంతే. నా ఆలోచనలు అందులో రాయను. ఈ సంగతి కూడా ఆ డైరీని ముందు పెట్టుకునే రాస్తున్నాను. గుర్తున్నదానికీ రాసి ఉన్నదానికీ తేడా వచ్చిన చోట, రాసి ఉన్నదే నమ్మాను.

ముందు ఆ టాకీసు గురించి చెప్పాలి.

సూరత్ పాత ఊళ్ళో, భాగల్ దాటి ఒక సందులోకి వెళితే ఉండేది. ద్వారానికి అటొకటి ఇటొకటి సున్నంతో చేసిన ఏనుగులు, తొండాలెత్తి. కుడివైపు ఏనుగు తొండం ఏదో వానాకాలంలో విరిగిపడింది. పేరు గుజరాతీలో రాసి ఉండేది. మాకు ఆ లిపి రాదు, అందుకని తెలుగువాళ్ళందరికీ అది ఏనుగుల టాకీసు. తర్వాత నేను గుజరాతీ చదవడం నేర్చుకుని అసలు పేరు తెలుసుకున్నాను. అయినా ఆ పేరుతో పిలవబుద్ధి కాలేదు. ఇక్కడా రాయను.

అది సినిమా కోసం కట్టింది కాదు. మైకులు లేని కాలంలో గుజరాతీ నాటక కంపెనీల కోసం కట్టారట. గేటు దగ్గర టికెట్లు చింపే ఈశ్వర్‌భాయి తాత ఆ నాటకాలకి తెర లాగేవాడు. గొంతు వెనక బెంచీ దాకా పోవాలని నేలంతా టేకు చెక్కలు పరిచి, కింద గుల్లగా వదిలి, ఆ గుల్లలో మట్టికుండలు వరసగా పెట్టారని ఈశ్వర్‌భాయి చెప్పేవాడు. మేం నమ్మేవాళ్ళం కాదు. బాల్కనీని ఎనిమిది ఇనుప స్తంభాలు మోసేవి. ఒక్కో స్తంభం తలకి ఇనుప ఆకులు, తీగలు. గోడల పైన రంగు అద్దాల కిటికీలు. పొద్దుటాటకి వెళితే, దీపాలు ఆర్పేలోగా ఎర్రటి, పచ్చటి వెలుగు మా చొక్కాలకంటిన పోగుముక్కల మీద పడేది. షెడ్డులో మురికిగా కనిపించే ఆ ముక్కలు అక్కడ బాగుండేవి.

ఆదివారం పొద్దుటాట తెలుగు సినిమా. లింబాయత్ నుంచి, ఉన్ నుంచి, పల్సానా నుంచి కూడా మావాళ్ళు వచ్చేవాళ్ళు.

హాలు మధ్యలో, నేల తరగతి అయిపోయి బెంచీలు మొదలయ్యే చోట, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా ఒక టేకు పట్టె ఉండేది. నాటకాల రోజుల్లో షావుకార్ల కుర్చీలను మిగతా జనం నుంచి వేరు చేయడానికి పెట్టింది. బెంచీ మీద కూర్చుంటే చేతులు ఆనుకునేంత ఎత్తు. దాని కాళ్ళు నేల చెక్కల్లోకి దిగి ఉండేవి. ఆ పట్టె వెనక మొదటి బెంచీ మాది. టాకీసువాళ్ళు దాన్ని చెవిటోళ్ళ లైన్ అనేవాళ్ళు.

తిట్టు కాదు, నిజమే. పదేళ్ళు సాంచాల మధ్య నిలబడితే చెవులు మిగలవు. మేం చెవులతో వినడం మానేసి పెదాలు చూసి మాట తెలుసుకోవడం నేర్చుకుంటాం. సినిమాలో అది కుదరదు, ముఖ్యమైన మాట వచ్చినప్పుడల్లా హీరో అటు తిరిగి నిలబడతాడు. కానీ ఆ పట్టె మీద అరచేతులు ఆనిస్తే డోలు, తబలా, దెబ్బలు అన్నీ చేతుల్లోకి వచ్చేవి. మాటలు మాత్రం రావు.

మాటల పని మా అక్క రాజవ్వది.

అక్క ఎప్పుడూ షెడ్డులో పనిచేయలేదు. ఇంట్లో చీరలకి రాళ్ళు అంటించేది. అందుకని ఆమె చెవులు బాగున్నాయి. నోరు ఇంకా బాగుండేది. మా బావ పోశెట్టి పూర్తిగా చెవిటివాడు. మొదట్లో అక్క అతనొక్కడికే పట్టె మీద వేళ్ళతో కథ చెప్పేది. పట్టె ఒకటే కనక వరుసలో అందరి చేతులకీ తెలిసేది. అలా ఆమె ఏడెనిమిది మంది చెవిటివాళ్ళకి చెవులైంది. మెటికతో రెండు దెబ్బలు కొడితే నవ్వాలి. గోటితో గీకితే విలన్ వచ్చాడు. వేళ్ళు గబగబా ఆడిస్తే పాట రాబోతోంది. మరీ పెద్ద డైలాగు వచ్చి వేళ్ళతో చెప్పలేనప్పుడు, బొటనవేలితో పట్టెను పొడుగ్గా ఒకసారి రుద్ది, చివర ఒకే ఒక్క దెబ్బ కొట్టేది. ఇంటికి పోయినంక చెప్త, అని దాని అర్థం.

అది వచ్చినప్పుడల్లా బావ ఆమె వైపు తిరిగి ఒకటే మాట అనేవాడు. తన గొంతు తనకి వినపడదు కనక హాలంతా వినపడేది.

"సరే గని, మరిచిపోకు."

వెనక బెంచీలవాళ్ళు తిట్టేవాళ్ళు. బావకి అదీ వినపడేది కాదు.

హాలంతా నవ్వాక, ఒక్క క్షణం ఆగి మా వరుస నవ్వేది. మీ లైన్‌కి నవ్వు గూడ్సు బండిలో వస్తుంది మాస్టర్‌జీ, అనేవాడు ఈశ్వర్‌భాయి. ఆట అయ్యాక అందరం అక్క ఇంటికి వెళ్ళేవాళ్ళం. స్టౌ మీద చాయ్ మరుగుతుంటే ఆమె డైలాగులన్నీ వరసగా అప్పజెప్పేది. లేనివి కూడా కలిపేదని నా అనుమానం. ఒకసారి సినిమాలో చచ్చిపోయిన తండ్రిని బతికించి చెప్పింది. నేను సగం విన్నవాణ్ణి కనక పట్టుకున్నాను. "ఆరు దినాలు పనిచేసి ఒక్క దినం సినిమాకొస్తరు. వీళ్ళను ఏడ్పిచ్చి పంపుమంటవార?" అంది. ఆ మాట డైరీలో ఉంది.

నేను తర్వాత షెడ్డులో మాస్టర్‌నయ్యాను, సాంచాలు బాగుచేసే పని. నా చెవులు సగం దక్కాయి. ఇప్పుడు చెవికి మిషన్ పెట్టుకుంటాను.

కరోనా వచ్చిన ఏడాది సాంచాలన్నీ ఆగాయి, టాకీసు మూశారు. సాంచాలు మళ్ళీ తిరిగాయి గాని టాకీసు తెరవలేదు. బావకి ఇంకో కష్టం వచ్చింది. అందరి మూతులకీ మాస్కులు. పెదాలు కనపడకపోయేసరికి అతను రెండోసారి చెవిటివాడయ్యాడు. కూరగాయల బండివాడితో కూడా మాట్లాడలేక ఇంట్లోనే ఉండిపోయాడు. అక్క ఒక్కతే మాస్కు దించి అతనితో మాట్లాడేది.

రెండో ఏడు ఎండాకాలంలో అక్కకి ఆ జబ్బు వచ్చింది. ఆస్పత్రిలో చేర్చాం. లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. ఆమె దగ్గర బటన్ల ఫోను ఒకటే ఉంది, మొహం కనపడేది కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం వార్డు నుంచి ఫోన్ చేసింది. నేను జ్వరంతో మా ఇంట్లో తలుపేసుకుని ఉన్నాను. మేనల్లుడు అనిల్ మందు కోసం ఎక్కడో లైన్లో నిలబడ్డాడు. ఇంట్లో బావ ఒక్కడే. ఫోను వెలగడం చూసి ఎత్తాడు. అక్క నాలుగు నిమిషాలు మాట్లాడింది. ఫోన్లో ఆ లెక్క ఉంది, నేను చూశాను. బావకి ఒక్క ముక్క వినపడలేదు. పెట్టేస్తే ఆమె చిన్నబుచ్చుకుంటుందని పెట్టలేదు. మధ్యమధ్యలో ఆఁ, సరే, సరే అంటూ నిలబడ్డాడు.

మర్నాడు తెల్లవారేసరికి అక్క లేదు. మొహం కూడా చూపించలేదు.

ఆ నాలుగు నిమిషాలు బావని తినేశాయి. ముద్ద నోటి దాకా తెచ్చి మళ్ళీ కంచంలో పెట్టేవాడు. ఫోను పట్టుకుని తిప్పి తిప్పి చూసేవాడు. నేను వెళితే ఒకటే అడిగేవాడు.

"ఏమో అడిగి ఉంటది. నేను సరే అన్న. దేనికి సరే అన్ననో చెప్పు మాస్టర్."

నాకు చేతనైనంత వెతికాను. వార్డులో పనిచేసిన ఆయమ్మను పట్టుకుని అడిగాను. ఆమె పాపం రోజుకెంతమందిని చూసిందో, గుర్తులేదంది. పక్క మంచంలో ఉన్నామె కూడా పోయింది. అక్క చెప్పింది విన్న మనిషి ఈ లోకంలో ఒక్కడే, అతనికి వినపడలేదు. రెండు నెలల్లో బావ సగమయ్యాడు. ఇట్లయితే నాయిన కూడా దక్కడు మామా, అని అనిల్ నా దగ్గర ఏడ్చాడు.

వానలు మొదలయ్యాక ఏనుగుల టాకీసు పడగొట్టి బట్టల మార్కెట్ కడతారని తెలిసింది. దాని కొలతలు, వివరాలు డైరీలో రాసి పెట్టుకోవాలనిపించింది. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలని బావని లేపాను. నిజానికి ఈశ్వర్‌భాయి పట్టుకునేవాడే. బావని ఆ గదిలోంచి బయటికి తేవాలని నా ఉద్దేశం.

అది మంగళవారం. పొద్దున పది దాటి అయిదు నిమిషాలకి లోపలికి వెళ్ళాం. చిన్న జల్లు పడి ఆగింది. ఈశ్వర్‌భాయి తాళం తీసి, బావ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, గేటు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. కరెంటు మీటరు ఎప్పుడో పీకేశారు. తెర తీసేశారు, దాని వెనక నాటకాల స్టేజీ గోడ కనిపిస్తోంది. రంగు అద్దాల వెలుగు మాత్రం అలాగే ఉంది. స్టేజీ ముందు చెక్క ఒకటి లేచిపోతే టార్చి వేసి చూశాను. కుండలు ఉన్నాయి. కనిపించినంత మేర పదకొండు లెక్కపెట్టాను. ఇన్నేళ్ళూ ఈశ్వర్‌భాయి నిజమే చెప్పాడు.

గంటకు పైగా కొలిచాం. బావ నేను చెప్పిన చోట నిలబడి టేపు పట్టుకున్నాడు. అలసిపోయి మా పాత వరుసలోకి వెళ్ళి తన చోట కూర్చుని, రెండు చేతులూ పట్టె మీద పెట్టుకున్నాడు. పట్టె మీద ఏడాదిన్నర దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది.

నేను అతని వెనక, నాలుగు గజాల దూరంలో స్తంభం చుట్టుకొలత తీస్తున్నాను. టేపు చెయ్యి జారి సర్రున వెనక్కి చుట్టుకుని, కొస వచ్చి నా కళ్ళజోడుకి తగిలి దాన్ని కింద పడేసింది. బావ నాకు వీపు పెట్టి ఉన్నాడు. చూసే వీలు లేదు, వినపడే వీలు అసలే లేదు. నేను వంగి కళ్ళజోడు తీసుకుంటుంటే, ఒక్క క్షణం ఆగి, బావ నవ్వాడు. రెండు నెలల తర్వాత అదే మొదటి నవ్వు. ఏదో గుర్తొచ్చి ఉంటుందనుకున్నాను. ఆ పూట దాన్ని డైరీలో కూడా రాయలేదు, తర్వాత చేర్చాను.

వెళ్ళి నా చోట కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య అక్క చోటు ఖాళీ. కావాలని వదల్లేదు, కాళ్ళు అలవాటుగా అక్కడికే తీసుకెళ్ళాయి. పట్టె మీద డైరీ తెరిచి పెట్టి బాల్కనీ ఎత్తు రాస్తున్నాను.

పట్టె కదిలింది.

ఊగడం కాదు. అక్క చోటు నుంచి నా వైపు, చెక్క లోపల, పొడుగ్గా ఒక రుద్దుడు. చివర ఒకే ఒక్క దెబ్బ.

నా పెన్ను ఎగిరింది. ఎత్తు అన్న మాట చివర పక్కకి ఒక గీత పడింది. ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. గీత పొడుగ్గా పోయి చివర చిన్న చుక్కలా ఆగింది.

నేను తలెత్తేలోపే బావ ఆ ఖాళీ చోటు వైపు తిరిగి, హాలంతా వినపడేటట్టు అన్నాడు.

"సరే గని, మరిచిపోకు."

నేను గడియారం చూశాను. పదకొండు దాటి నలభై నిమిషాలు. అలవాటు, మరేం లేదు. టైము రాసుకున్నాను.

తర్వాత పట్టె చూశాను. బావ రెండు అరచేతులూ మొదట పెట్టిన చోటే ఉన్నాయి, వాటి చుట్టూ దుమ్ము చెదరలేదు. వేలితో రుద్ది ఉంటే చార పడాలి. నా డైరీ కింద తప్ప పట్టె మీద ఎక్కడా చార లేదు. అక్క చోటు దగ్గర దుమ్ము దుమ్ములాగే ఉంది. జేబురుమాలుతో అక్కడ తుడిచాను. దుమ్ము కింద టేకులో ఒక గాడి ఉంది. జానెడు పొడుగు, బొటనవేలు సరిగ్గా పట్టేంత వెడల్పు, నున్నగా. అన్నేళ్ళు ఆ వరుసలో కూర్చున్నాను, అక్క వేలు కట్టెను అంత అరగదీసిందని నాకు తెలియదు.

బావ లేచి పంచె దులుపుకున్నాడు. "నడువ్, ఆకలైతాంది," అన్నాడు.

దారిలో నా అనుభవం చెప్పకుండా, అతనికి కనపడేటట్టు మాస్కు దించి, నీకేమన్నా తెలిసిందా బావా అని అడిగాను. అడిగే పద్ధతి అదే, ముందు సాక్షి మాట వినాలి. అతను నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూశాడు.

"నువ్వు గూడ చెయ్యి పెట్టుకోనే ఉంటివి గద."

మళ్ళీ తనే, "ఏనుగుల్ని కొలువనే లేదు నువ్వు. ఏం మాస్టర్‌వయ్యా," అన్నాడు. నన్ను ఎగతాళి చేయడం కూడా రెండు నెలల్లో అదే మొదలు. నేను మళ్ళీ వెళ్ళి ఏనుగుల్ని కొలుచుకొచ్చాను.

అప్పుడే మిగతావి కూడా చూశాను. ఈశ్వర్‌భాయిని అక్క చోట కూర్చోబెట్టి, నేను తుడిచిన మేర దాటి దుమ్ము ఉన్నచోట బొటనవేలితో రుద్దమన్నాను. నా పెన్ను అలాగే ఎగిరింది, కాని దుమ్ములో చార పడింది. బయట లారీ వెళ్ళినప్పుడు చూశాను, పట్టె సన్నగా జుమ్మంది తప్ప పెన్ను కదల్లేదు. చుట్టుపక్కల ఎక్కడైనా పునాది తవ్వుతున్నారేమోనని తిరిగి అడిగాను, ఎవరూ తవ్వలేదు. ఎలుకల సంగతి ఆలోచించాను. పావురాల సంగతి ఆలోచించాను. వయసు మీద పడ్డవాణ్ణి, దుఃఖంలో ఉన్నవాణ్ణి, నా చెయ్యే వణికిందేమోనని కూడా ఆలోచించాను. అదొక్కటే అయితే ఒప్పుకునేవాణ్ణి. కానీ నా చెయ్యి వణికితే బావ ఎందుకు జవాబిస్తాడు?

ఆ రోజు ఇంటికి వెళ్ళి బావ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. అనిల్ నా వైపు చూశాడు, ఏం మందు పెట్టావు మామా అన్నట్టు.

వానాకాలం అయ్యాక టాకీసు పడగొట్టారు. ఏనుగులు ఒక్క పూటలో పోయాయి. కుండలు దొరికినవి దొరికినట్టు పగిలాయట. ఈశ్వర్‌భాయి కూలీలతో మాట్లాడి మా వరుస దగ్గరి పట్టె ముక్క మూడడుగులు కోయించి రిక్షాలో పంపాడు. గాడి అందులోనే ఉంది. బావ దాన్ని తన ఇంట్లో కిటికీ కింద రెండు ఇటుకల మీద పెట్టించాడు.

ఆదివారం పొద్దున వరుసలో మిగిలినవాళ్ళం, ఇప్పుడు నలుగురం, అక్కడ చేరి చాయ్ తాగుతాం. నేను డైరీ ఆ పట్టె మీద పెట్టుకునే రాస్తాను. ఇన్నేళ్ళలో పెన్ను మళ్ళీ ఒక్కసారి కూడా కదల్లేదు. అక్క ఆ నాలుగు నిమిషాల్లో ఏం చెప్పిందో మాకు తెలియదు. టాకీసులో ఆ పూట జరిగింది ఏమిటో కూడా నాకు తెలియదు. అన్ని డైరీల్లోనూ కారణం ఎదురుగా ఖాళీ వదిలిన పేజీ అదొక్కటే.

మొన్న ఆదివారం ఉండబట్టలేక బావని అడిగాను. ఇంటికి పోయినంక చెప్తనన్నది కదా, ఇన్నేళ్ళాయె, ఏమన్నా చెప్పిందా అని.

బావ చాయ్ గ్లాసు పట్టె మీద, గాడికి తగలకుండా, జాగ్రత్తగా పెట్టాడు.

"తొందరేమున్నది బామ్మర్ది. నేను ఇంట్లనే ఉన్న గద."